తెల్లవారుజాము సైకిలు, చద్దికుండ: ఉత్తరాంధ్ర తీరంలో పొద్దుటి తిండి చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• శ్రమకు ముందు తినే ఆహారాన్ని చరిత్ర విషయంగా ఎలా అధ్యయనం చేయవచ్చో చెప్పగలుగుతారు.
• ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధికీ, బియ్యం తెల్లబరచడానికీ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• కండరాల శక్తిని గురించిన పరిశోధనలో తెలుగునేలకు గల సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• పొద్దున్నే సైకిలు మీద దూరం వెళ్ళేవారు ఏం తినాలో చరిత్ర, శాస్త్రాల ఆధారంగా నిర్ణయించుకోగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. శ్రీకాకుళం పట్టణం నుంచి సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. తెల్లవారకముందే ఆ రోడ్డు మీద సైకిళ్ళు కదులుతాయి. మా చిన్నతనంలో అవన్నీ వెనక చేపల బుట్ట కట్టుకొని ఊళ్ళ మీదికి పోయే సైకిళ్ళు. ఇప్పుడు చేపల బేరం చాలావరకు మోటారు బళ్ళ మీదికి మారింది. ఆరోగ్యం కోసం, సరదా కోసం లైట్‌హౌస్ దాకా తొక్కి వచ్చే యువతీ యువకులు కనిపిస్తున్నారు. ఆదివారం నాడు సంపర్క తరగతులకు సైకిలు మీద వచ్చే మీలాంటి విద్యార్థులూ ఉన్నారు.

వీరందరికీ ప్రశ్న ఒక్కటే. చీకటితో లేచి, గంటో రెండు గంటలో కాళ్ళతో బండి నడపాలంటే కడుపులో ఏం ఉండాలి? ఇది వైద్యుల ప్రశ్న అని మీరు అనుకోవచ్చు. కాని ఈ తీరంలో ఇదే ప్రశ్నకు దాదాపు రెండు వందల ఏళ్ళ లిఖిత చరిత్ర ఉంది. అన్నం పుష్కలంగా తింటూనే కాళ్ళు పడిపోయిన మనుషుల చరిత్ర అది. సత్తువనిచ్చే తిండిని నామోషీ అనుకొని వదులుకున్న మనబోటి వాళ్ళ చరిత్ర కూడా. ఈ రెండింటినీ కలిపి చదవడమే ఈ పాఠం ఉద్దేశం.

2. ఆధారాలను ఎక్కడ వెతకాలి?

రాజులు శాసనాలు వేయించారు. పొద్దున్నే ఏం తిన్నారో ఎవరూ శాసనం వేయించలేదు. అందువల్ల ఆహార చరిత్ర రాసేవారు ఆధారాలను చాలా చోట్ల నుంచి ఏరుకోవాలి.

మొదటిది సాహిత్యం. పదిహేనవ శతాబ్దానికి చెందిన పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడూ గోపబాలురూ ఆలమందలను తోలుకుపోయి, అడవిలో చల్దులు విప్పుకొని తినే ఘట్టం ఉంది. పనికి పోయేవారు చద్ది కట్టుకుపోవడం ఆనాటి శ్రోతలకు కొత్త సంగతి కాదని దీనివల్ల తెలుస్తుంది. రెండవది నానుడి. పెద్దల మాట చద్దన్నం మూట అన్నప్పుడు, ఆ మూట దారిలో ఆదుకునేదన్న అనుభవం ఆ మాట వెనక ఉంది. మూడవది ప్రభుత్వ, వైద్య నివేదికలు. నాలుగవది మౌఖిక చరిత్ర, అంటే మీ ఇంటి పెద్దలను అడిగి తెలుసుకునేది.

నివేదికలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా చికాకోల్ అని పిలిచిన శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. ఆ తరవాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. కాబట్టి పాత కాగితాలలో ఈ ప్రాంతం సంగతులను గంజాం, విశాఖపట్నం, ఉత్తర సర్కారులు అనే పేర్ల కింద వెతకాలి.

3. చద్దికుండ, చోడి అంబలి

ఈ తీరంలో కష్టజీవి పొద్దుటి తిండి రెండు రకాలు. ఒకటి చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో గంజినీ నీళ్ళనీ పోసి ఉంచితే తెల్లవారేసరికి పులుస్తుంది. కొన్ని ఇళ్ళలో పులిసిన గంజిని ఒక కుండలో ప్రత్యేకంగా నిలవ ఉంచి, రోజూ కొత్త గంజి చేర్చేవారు. దాన్ని తరవాణి అంటారు. రెండవది అంబలి. ఇతర ప్రాంతాలలో రాగులు అనే ధాన్యాన్ని ఇక్కడ చోళ్ళు అంటారు. చోడిపిండిని ఉడికించి, పలచగా కలుపుకొని, ఉప్పు వేసి తాగుతారు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉంటే ఎండుచేప.

ఈ తిండిలో నాలుగు అంశాలు గమనించండి. పిండిపదార్థం ఉంది. నీరు ఉంది. ఉప్పు ఉంది. పొద్దున్నే పొయ్యి రాజేయకుండానే సిద్ధంగా ఉంది. నాలుగో అంశం చిన్నదిగా కనిపిస్తుంది కాని చాలా ముఖ్యం. వేట నుంచి వచ్చే పడవల కోసం తెల్లవారుజామున ఒడ్డుకు పోవలసిన ఇంట్లో, మూడు గంటలకు లేచి వంట చేసే తీరిక ఆడవారికి ఎక్కడిది? చద్దికుండ వారి శ్రమను కొంత తగ్గించిన ఏర్పాటు.

ఉప్పుకూ చరిత్ర ఉంది. ఈ జిల్లాలోనే నౌపడా ఉప్పు మళ్ళున్నాయి. అయినా ఆంగ్లేయుల పాలనలో ఉప్పు ప్రభుత్వ గుత్తాధికారం కిందికీ పన్ను కిందికీ వచ్చింది. చెమటోడ్చేవాడి అంబలిలో పడే చిటికెడు ఉప్పు మీద కూడా సర్కారుకు రాబడి ఉండేదన్నమాట. 1930 ఉప్పు సత్యాగ్రహం సామాన్యుడికి ఎందుకు అర్థమైందో ఈ కోణం నుంచి కూడా ఆలోచించండి.

అయితే చద్దికుండను ఆదర్శంగా చిత్రించకూడదు. చాలా ఇళ్ళలో అది ఇష్టపడి ఎంచుకున్నది కాదు, వేరే దారి లేక తిన్నది. పప్పు, కూర, చేప చాలినంత దొరకని రోజులే ఎక్కువ.

4. బియ్యం తెల్లబడింది, కాళ్ళు తడబడ్డాయి

1835లో మద్రాసులో మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద ఒక గ్రంథం ప్రకటించాడు. ఉత్తర సర్కారులలోని సిపాయిలను ఈ వ్యాధి పీడించేది. కాళ్ళు బరువెక్కుతాయి, మొద్దుబారుతాయి, కొందరిలో వాస్తాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. చివరికి గుండె దెబ్బతిని మరణం. కవాతు చేయవలసిన సిపాయి నిలబడలేకపోవడం సైన్యానికి పెద్ద సమస్య. కారణం మాత్రం ఆనాడు ఎవరికీ తెలియదు. గాలి, తేమ, నేల అంటూ రకరకాల ఊహలు చేశారు.

కారణం వైపు దారి చూపింది జావా ద్వీపం. 1890లలో అక్కడ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లటి బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలడాన్నీ, పై పొర తీయని బియ్యం పెడితే కోలుకోవడాన్నీ గమనించాడు. 1912లో ఫంక్ ఇలాంటి పదార్థాలకు విటమిన్ అనే మాటకు మూలమైన పేరు పెట్టాడు. 1926లో జావాలోనే జాన్సెన్, డోనత్ అనే ఇద్దరు బియ్యపు తవుడు నుంచి ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. దాన్నే ఇప్పుడు బి1 విటమిన్ లేదా థయమిన్ అంటున్నాం. 1936లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్. ఆయన 1886లో మన నెల్లూరులో మిషనరీ దంపతులకు పుట్టినవాడు.

మన దేశంలో ఈ పరిశోధన నీలగిరులలోని కూనూరులో జరిగింది. 1918లో మెక్‌కారిసన్ అక్కడ ఒక చిన్న గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టాడు. ఆయనా, ఆయన తరవాత డైరెక్టరుగా వచ్చిన అయ్‌క్రాయిడూ ఉత్తర సర్కారుల బెరిబెరిని ప్రత్యేకంగా పరిశీలించారు. దక్షిణాదిన వరి తినే ప్రాంతాలు ఎన్నో ఉండగా, వ్యాధి ఈ తీరంలోనే ఎందుకు పాతుకుపోయింది? ఇతర ప్రాంతాలలో ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పై పొరలోని బి1 గింజ లోపలికి చేరుతుంది. తరవాత మరలో పట్టించినా కొంత మిగులుతుంది. ఉత్తర సర్కారులలో వాడింది పచ్చి బియ్యం. అది మరలో తెల్లబడితే బి1 దాదాపు అంతా తవుడుతో పాటు పశువుల తొట్టికి పోతుంది.

ఇక్కడ విద్యార్థులు తరచు చేసే పొరపాటు ఒకటుంది. దోషమంతా మరదే అని రాస్తారు. మాల్కమ్‌సన్ గ్రంథం 1835 నాటిది. ఈ తీరంలో బియ్యపు మరలు అప్పటికి ఇంకా రాలేదు. రోకటితో కూడా బియ్యాన్ని పదేపదే దంచి తెల్లబరచవచ్చు. పప్పు, కూర, చేప లేని పూట ఆ లోటు ఇంకా పెరుగుతుంది. మర చేసిన పని, ఒకప్పుడు కొందరికే సాధ్యమైన తెల్లదనాన్ని అందరికీ చవకగా అందించడం. కాబట్టి మర ఒక్కటే కారణం కాదు, మర వల్ల నష్టం విస్తరించింది అని రాయడం సరైనది.

కూనూరులో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందింది. దాని పాత ఆహార పట్టికలు చూడండి. నూరు గ్రాముల మర పచ్చి బియ్యంలో బి1 సుమారు 0.06 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యంలోనూ, మరపట్టిన ఉప్పుడు బియ్యంలోనూ సుమారు 0.2. చోళ్ళలో సుమారు 0.4. బియ్యాన్ని ఎక్కువసార్లు కడిగినా, గంజి వార్చి పారబోసినా నీటిలో కరిగే బి1 ఇంకా తగ్గుతుంది. దంపుడు బియ్యం వండుకొని, గంజిని చద్దికుండలో దాచుకున్న ఇల్లాలు ఈ పట్టిక చూసి ఉండదు. కాని పారబోయకూడనిది పారబోయలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఉప్పుడు బియ్యం తిన్న ప్రాంతాలలో బెరిబెరి తక్కువగా ఉండడానికి కారణం ఏమిటి?
2. బెరిబెరికి మర ఒక్కటే కారణం కాదని ఏ ఆధారంతో చెప్పగలం?

5. కండరంలో ఏం జరుగుతుంది?

తినే అన్నానికీ, పెడలు తొక్కే కాలికీ మధ్య జరిగేది తెలిస్తే పై చరిత్ర ఇంకా స్పష్టమవుతుంది. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి, కొంత కాలేయంలోనూ ఎక్కువ భాగం కండరాలలోనూ గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. పెద్దవారిలో ఈ నిలవ మొత్తం సుమారు 400 నుంచి 500 గ్రాములు. తొక్కేటప్పుడు కండరం దీన్ని వాడుకుంటుంది. కాని గ్లూకోజు నేరుగా కండరాన్ని కదపదు. ఆ పనికి ఏటీపీ అనే అణువు కావాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ వెల్లడి చేశాడు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు.

గ్లూకోజు నుంచి ఏటీపీ తయారయ్యే చర్యలలో బి1 తప్పనిసరి. పొయ్యి నిండా కట్టెలున్నా నిప్పు రాజేయకపోతే అన్నం ఉడకదు. తెల్లటి బియ్యం మాత్రమే తిన్న సిపాయి పరిస్థితి అదే. పైగా పిండిపదార్థం ఎక్కువ తినేకొద్దీ బి1 అవసరమూ పెరుగుతుంది. కాళ్ళే ముందుగా ఎందుకు మొరాయించాయో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. నరాలలో అందరికంటె ముందు దెబ్బతినేవి పొడవైనవి, అవి కాళ్ళకు పోయేవి.

సైకిలు ఈ శాస్త్రానికి పరికరంగా కూడా ఉపయోగపడింది. 1939లో డెన్మార్క్‌లో క్రిస్టెన్‌సెన్, హాన్సెన్ అనే పరిశోధకులు కదలని సైకిలు మీద మనుషులను తొక్కించి, పిండిపదార్థం ఎక్కువగా తిన్నవారు కొవ్వు ఎక్కువగా తిన్నవారికంటె రెట్టింపు పైగా సమయం తొక్కగలిగారని చూపారు. 1966లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒకే సైకిలుకు చెరో వైపు కూర్చొని ఒక్కొక్క కాలితో అలిసిపోయేదాకా తొక్కారు. ఆ తరవాత మూడు రోజులు పిండిపదార్థం బాగా తిన్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ తొక్కని కాలిలోకంటె బాగా ఎక్కువగా పేరుకుంది. శ్రమ చేసిన కండరం తిండిని ఎక్కువగా దాచుకుంటుందని దీనివల్ల తేలింది.

6. సైకిలు వచ్చిన తరవాత

ఇంగ్లండులో 1885లో నేటి రూపం సైకిలూ, ఐర్లండులో 1888లో గాలి టైరూ వచ్చాయి. మన దేశంలో చాలాకాలం సైకిలు దిగుమతి సరుకు, ఉద్యోగుల, కలవారి హోదా. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1956లో లూథియానాలో హీరో సైకిల్స్ వంటి కర్మాగారాలు మొదలైన తరవాత అది క్రమంగా కష్టజీవి చేతికి వచ్చింది.

ఈ తీరంలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. కళింగపట్నం ఒకప్పుడు ఓడరేవు. 1890లలో తూర్పు తీర రైలు మార్గం లోపలి భాగం నుంచి ఆమదాలవలస మీదుగా పడిన తరవాత చిన్న రేవుల వ్యాపారం సన్నగిల్లింది. ఒడ్డున పడిన చేప లోపలి ఊళ్ళకు చేరాలి. నెత్తిన గంప పెట్టుకొని నడిచిన ఆడవారి పనిలో కొంత భాగాన్ని సైకిలు పంచుకుంది. ఎండ ముదిరితే చేప పాడవుతుంది. కాబట్టి తెల్లవారుజామునే తొక్కక తప్పదు. ఈ తీరంలో తెల్లవారుజాము సైకిలు ప్రయాణం వ్యాయామంగా మొదలవలేదు. జీవనోపాధిగా మొదలైంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను బి.ఏ. చదివే రోజుల్లో పరీక్ష రాయడానికి తెల్లవారుజామున శ్రీకాకుళానికి సైకిలు మీద బయలుదేరాను. ఇంట్లో చద్ది ఉంది. కాని కాలేజీ కుర్రాడు చద్దన్నం తినడమేమిటని కాఫీ మాత్రం తాగి వెళ్ళాను. సగం దారి దాటాక కాళ్ళు వణికాయి, కళ్ళు తిరిగాయి. రోడ్డు పక్కన కూలబడితే చేపల సైకిలాయన ఒకాయన ఆగాడు. "కడుపులో ఏటీ నేకుండా సైకిలెక్కీసినావేటి బాబూ?" అని తన గిన్నెలోని చద్ది సగం నాకు పెట్టాడు. కాసేపటికి లేచి పరీక్షకు చేరాను. ఆయన బుట్టలో బరువు నా పుస్తకాల సంచికి ఎన్నో రెట్లు. మాకున్న తేడా ఒక్కటే. ఆయనకు తిండి విషయంలో నామోషీ లేదు.

7. చోడి నుంచి తెల్లబియ్యానికి

ఆ నామోషీకీ సామాజిక చరిత్ర ఉంది. వరి తినడం కలిమికి గుర్తు, చోడి తినడం లేమికి గుర్తు. పొద్దున్నే టిఫిను, కాఫీ పట్టణ జీవితానికి గుర్తు. ఇడ్లీకి సంబంధించిన పాత ప్రస్తావన పదో శతాబ్దపు కన్నడ గ్రంథంలో ఉన్నా, అది బస్టాండు హోటలు దాకా, తరవాత ప్రతి ఇంటికీ రావడం ఇరవయ్యో శతాబ్దపు సంగతి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన పథకంగా దాని విలువను తక్కువ చేయకూడదు. పండగనాడు మాత్రమే వరన్నం చూసిన ఇళ్ళలో రోజూ అన్నం ఉడికింది. అదే సమయంలో మెట్ట పంటలకు గిరాకీ తగ్గింది. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, తెల్లబియ్యంలో సుమారు 10. ఒకే నిర్ణయం వల్ల లాభమూ నష్టమూ రెండూ కలగవచ్చునని చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోవాలి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు పట్టణాలలో అంబలిని గ్లాసు లెక్కన అమ్ముతున్నారు. నిన్న లేమికి గుర్తుగా ఉన్నది నేడు ఆరోగ్యానికి గుర్తయింది. ధాన్యం మారలేదు, దాన్ని చూసే చూపు మారింది.

ఈ కొత్త అభిమానంలోనూ జాగ్రత్త అవసరం. చద్దన్నంలో ఇనుము ఎన్నో రెట్లు పెరుగుతుందనే మాట బాగా ప్రచారంలో ఉంది. ఇనుము మూలకం. నానబెట్టినంత మాత్రాన అది కొత్తగా పుట్టదు. పులియడం వల్ల ఉన్న ఇనుము శరీరానికి అందడం సులువు కావచ్చు, అంతే. ఏ అంకె చూసినా అది ఎక్కడ నుంచి వచ్చిందని అడగడం చరిత్రకారుడి మొదటి పని.

8. నేటి సైక్లిస్టుకు ఈ చరిత్ర చెప్పేది

మీరు పొద్దున్నే సైకిలు మీద బయలుదేరేవారైతే ఈ విషయాలు పాటించండి.

ప్రయాణానికి తిండి ముందు రాత్రే మొదలవుతుంది. నిద్రలో కాలేయంలోని నిలవ తరిగిపోతుంది కాని కండరాల నిలవ చాలావరకు ఉంటుంది. కాబట్టి రాత్రి అన్నమో రొట్టెలో పప్పుతో, కూరతో కడుపునిండా తినండి. పొద్దున్న గంటలోపు మామూలు వేగంతో తొక్కేటట్లయితే మంచినీళ్ళూ ఒక అరటిపండూ చాలు. అంతకు మించితే బయలుదేరే ముందు గ్లాసుడు చోడి అంబలి, లేదా కొద్దిగా చద్దన్నం, లేదా రెండు ఇడ్లీలు తినండి. పూరీ, గారె వంటి నూనె పదార్థాలు త్వరగా అరగవు, అవి తిరిగి వచ్చాక తినవచ్చు. రెండు గంటల దాకా సాగే ప్రయాణంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. మధ్యస్థం అరటిపండు ఒకటి సుమారు 25 గ్రాములు ఇస్తుంది. వేరుశనగ ఉండ, బెల్లం ముక్క జేబులో పెట్టుకోవడం సులువు. సముద్రతీరపు ఉక్కలో చెమట ఎక్కువ కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఇంటికి వచ్చాక పెసరట్టో, గుడ్డో, చేపో అలిసిన కండరానికి మాంసకృత్తులనిస్తుంది.

చద్దికి శుభ్రమైన కుండా నీరూ వాడండి. రంగు గాని వాసన గాని తేడాగా ఉంటే పారేయండి. మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. సాధ్యమైనంతవరకు తక్కువ పాలిష్ పట్టిన బియ్యం కొనండి.

9. సారాంశం

పొద్దుటి శ్రమకు కావలసిన పిండిపదార్థం, నీరు, ఉప్పు ఉత్తరాంధ్ర తీరంలోని చద్దికుండలోనూ అంబలిలోనూ ఉన్నాయి. బియ్యాన్ని ఎక్కువగా తెల్లబరచినప్పుడు బి1 పోయి, బెరిబెరి రూపంలో కాళ్ళను దెబ్బతీసింది. దాని కారణాన్ని జావా, కూనూరు పరిశోధనలు వెలికితీశాయి. కండరశక్తి రహస్యాన్ని తెలిపినవారిలో భీమవరంలో పుట్టిన సుబ్బారావు, బి1ను తయారు చేసినవారిలో నెల్లూరులో పుట్టిన విలియమ్స్ ఉన్నారు. ధర, హోదా, ప్రభుత్వ విధానం మన పొద్దుటి తిండిని మార్చాయి. అందులో ఏది నిలుపుకోవాలో, ఏది మార్చుకోవాలో నామోషీతో గాక తెలిసి నిర్ణయించుకోవాలి.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉత్తర సర్కారులలో బెరిబెరి చరిత్రను వివరించి, దాని కారణాలను విశ్లేషించండి.
2. 1983 నాటి బియ్యం పథకం ఆహారపు అలవాట్ల మీద చూపిన ప్రభావాన్ని రెండు వైపుల నుంచీ చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆహార చరిత్రకు సాహిత్యం ఎలా ఆధారమవుతుంది?
2. కళింగపట్నం తీరంలో సైకిలు జీవనోపాధిలో భాగమైన తీరును తెలపండి.

III. అభ్యాసం
మీ ఇంట్లో గాని ఊళ్ళో గాని అరవై ఏళ్ళు పైబడిన ఇద్దరిని, పనికి పోయే ముందు చిన్నతనంలో ఏం తినేవారో, ఆ తిండి ఎప్పుడు, ఎందుకు మానేశారో అడగండి. వారి మాటలను వారి యాసలోనే రాసుకొని, సంపర్క తరగతికి తీసుకురండి.